దాచాల్సింది రోగిని, ప్రయోగాన్ని కాదు

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న మాట పుట్టగానే నగరం ఖాళీ కావడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే లక్షల మంది రైళ్లూ బస్సులూ పట్టుకుని సొంతూళ్లకు బయలుదేరారు. తెలంగాణ జిల్లాల నుంచి వలసపోయి సాంచాల (మరమగ్గాల) మీద బతికే మన పద్మశాలి కుటుంబాలున్న నగరం అది. భయపడి ఆసుపత్రి నుంచి వెళ్లిపోయిన రోగుల కోసం పోలీసులు వెతికారు. సూరత్ నుంచి వచ్చిన ప్రయాణికుణ్ణి స్టేషన్లలో ఆపి చూశారు. రోగి పేరు, ఊరు, చిరునామా చేతికి దొరికితే జబ్బు అదుపులోకి వచ్చినట్టే అన్నట్టు నడిచింది వ్యవహారం.

అయితే అసలు ప్రశ్న మాత్రం ఏళ్ల తరబడి నలిగింది. అది నిజంగా ప్లేగేనా? కేంద్రం వేసిన సాంకేతిక సలహా సంఘానికి శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త డాక్టర్ వులిమిరి రామలింగస్వామి నాయకత్వం వహించారు. ప్లేగే అని ఆ సంఘం చెప్పినా వాదాలు సద్దుమణగలేదు. చివరికి 2000లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆనాటి నమూనాల్లోని బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని పరిశీలించి, అది ప్లేగు కలిగించే యెర్సీనియా పెస్టిసే అని ప్రచురించారు. ఆ నమూనాలు ఎవరివో మనకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేకపోయింది. జనానికి అక్కరకొచ్చిన జ్ఞానం భద్రంగా దాచిన నమూనాల నుంచి, బయటపెట్టిన పరిశోధన పద్ధతి నుంచి వచ్చింది. రోగుల పేర్లు వెంటాడినందువల్ల రాలేదు.

కొత్త మందులు, టీకాలు, చికిత్సలు మనుషుల మీద పరీక్షించే చోట ఈ తేడా మరింత ముఖ్యం. అక్కడ రెండు రకాల సమాచారం పుడుతుంది. ఎవరికి ఏ జబ్బు, ఎవరి ఒంట్లో ఏం జరిగింది అన్నది ఒకటి. ఏ మందు, ఎవరి డబ్బుతో, ఎవరి అనుమతితో, ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందికి నయమైంది, ఎంతమంది చనిపోయారు అన్నది రెండోది. మొదటిది రోగి సొత్తు. రెండోది జనం సొత్తు. మన దేశంలో గత రెండు దశాబ్దాల అనుభవం చూస్తే ఈ రెండూ తారుమారయ్యాయని నాకు గట్టిగా అనిపిస్తుంది. పేదరోగి వీధిన పడుతున్నాడు, ప్రయోగం గుట్టుగా ఉండిపోతోంది.

ఒకే కాగితంలో రెండు మాటలు

క్లినికల్ ట్రయల్‌లో చేరే మనిషి సంతకం పెట్టే సమ్మతి పత్రాన్ని దగ్గరగా చూడాలి. దాని నమూనా 2019 మార్చి 19న వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లోనే ఉంది. పేరు, పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, చిరునామా, చదువు, వృత్తి, ఏడాది ఆదాయం రాయాలి. ట్రయల్ కారణంగా మరణిస్తే పరిహారం ఎవరికి చెందాలో ఆ నామినీ పేరు, చిరునామా, బంధుత్వం రాయాలి. ఆ తర్వాత వచ్చే ఒక అంశం ఈ చర్చకంతటికీ మూలం. ట్రయల్ నడిపించే కంపెనీ, దాని తరఫున పనిచేసేవాళ్లు, ఎథిక్స్ కమిటీ, ప్రభుత్వ నియంత్రణ అధికారులు నా వైద్య రికార్డులను చూడటానికి నా అనుమతి మళ్లీ అడగనక్కర్లేదని రోగి ఒప్పుకుంటాడు. మధ్యలో మానుకున్నా ఈ ఒప్పుదల వర్తిస్తుంది. దానికి బదులుగా అతనికి దక్కేది ఒక హామీ: బయటివాళ్లకు ఇచ్చే సమాచారంలోగాని, ప్రచురించే వాటిలోగాని అతనెవరో తెలియనివ్వరు.

ఇది చాలా పెద్ద ఇచ్చిపుచ్చుకోలు. రోగి తన ఒంటి సంగతంతా ముక్కూమొహం తెలియని కంపెనీ చేతిలో పెడుతున్నాడు. అందుకు ప్రతిఫలంగా అతని పేరు కాపాడటం ఒక్కటే సరిపోదు. అతను ఒడ్డిన శరీరం నుంచి వచ్చిన ఫలితం లోకానికి తెలియడం కూడా అందులో భాగమే. మనుషుల మీద జరిగే వైద్య పరిశోధనకు నీతి నియమాలు చెప్పే హెల్సింకి ప్రకటన ఈ రెండింటినీ పరిశోధకుల బాధ్యతలుగానే చెబుతుంది: రోగి గోప్యత కాపాడాలి, పరిశోధనను ముందే బహిరంగ రిజిస్టరులో నమోదు చేయాలి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా ప్రకటించాలి.

పేరు రాసుకోవడమే తప్పు అనడానికి లేదు. రికార్డు లేకపోవడాన్ని గోప్యత అనలేం. రేపు ఏదైనా జరిగితే నామినీ గడిలో రాసిన ఆ పేరే ఊళ్లో ఉన్న భార్యకో తల్లికో పరిహారం తెచ్చిపెడుతుంది. తీవ్రమైన హాని జరిగితే ట్రయల్ నడిపే డాక్టరు 24 గంటల్లో నియంత్రణ సంస్థకు, కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. ఆ నివేదిక ఫారంలో రోగి పూర్తి పేరు బదులు పొడి అక్షరాలు, ఆసుపత్రి నంబరు అడుగుతారు. రికార్డు పూర్తిగా ఉండాలి, అందులో పేరు చూసే కళ్లు మాత్రం కొన్నే ఉండాలి అన్నది పద్ధతి. కాగితం మీద ఇది బాగానే ఉంది.

దుబాసీకి ముందే తెలిసిపోయే రహస్యం

ఆచరణలో చిక్కు భాష దగ్గరే మొదలవుతుంది. సూరత్‌లో మున్సిపల్ పాఠశాలల సంఘం గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అంటే లింబాయత్, ఉధనా వైపు తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారని ప్రభుత్వానికి తెలుసు. బడికి గుర్తొచ్చిన భాష ఆసుపత్రికీ గుర్తుకు రావాలి. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలని, సాంకేతిక పదాలతో నింపకూడదని నిబంధన చెబుతోంది. దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ తెరిచి చూస్తే ట్రయల్స్ జరిగే చోట్లలో సూరత్ ఆసుపత్రుల పేర్లు కూడా కనిపిస్తాయి. కాబట్టి ఈ ప్రశ్న ఊహకు సంబంధించింది కాదు.

పన్నెండు గంటల పాళీ చేసి వచ్చే సాంచా కార్మికుడు గుజరాతీ మాట్లాడగలడు, హిందీలో బేరం చేయగలడు. కాని గుజరాతీ లిపిలో ఉన్న పది పేజీల కాగితం చదవలేడు. అప్పుడు పక్కన దుబాసీ కావాలి. ఆ దుబాసీ ఎవరు? అదే కార్ఖానాలో పనిచేసే మేనల్లుడో, ఊరివాడో, పనిలో పెట్టిన మేస్త్రీయో. జబ్బు క్షయ అయినా, హెచ్‌ఐవీ అయినా, గర్భసంచి క్యాన్సర్ అయినా ఆ సంగతి డాక్టరు నోటి నుంచి రోగి చెవికి చేరేలోపు మేస్త్రీ చెవిన పడుతుంది. అక్కడి నుంచి కార్ఖానాకు, కార్ఖానా నుంచి ఊరికి చేరడానికి ఒక్క ఫోను చాలు. సంతకం పెట్టకముందే గోప్యత పోయినట్టే. కంప్యూటర్లకు పాస్‌వర్డులు పెట్టి, అల్మారాలకు తాళాలు వేసినా ఈ నష్టం పూడదు. వలస కూలీకి గోప్యత అంటే మొదట అతని భాష వచ్చిన, అతనితో ఏ బంధుత్వమూ లాభమూ లేని ఒక మనిషి.

సమ్మతిని వీడియో తీయడం వెనకా ఇలాంటి చిక్కే ఉంది. రోగికి చెప్పకుండానే సంతకాలు తీసుకుంటున్నారన్న ఫిర్యాదులతో స్వాస్థ్య అధికార్ మంచ్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసులో వచ్చిన ఆదేశాలతో 2013లో సమ్మతి తీసుకునే తీరును వీడియోలో రికార్డు చేయాలన్నారు. పేదవాడికి ఇది రక్షణ, ‘చెప్పాం, ఒప్పుకున్నాడు’ అని రేపు బుకాయించడానికి వీలుండదు. కాని అదే వీడియో అతని మొహాన్ని జబ్బుతో ముడిపెట్టి భద్రపరుస్తుంది. 2015లో నిబంధనను సవరించినప్పుడు వీడియోను కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో చేరే బలహీన వర్గాల రోగులకే పరిమితం చేశారు. హెచ్‌ఐవీ, కుష్ఠు మందుల ట్రయల్స్‌లో గొంతు మాత్రం రికార్డు చేస్తే చాలన్నారు. మొహం కనబడకూడదు, సాక్ష్యం మాత్రం మిగలాలి. మన నిబంధనలన్నిటిలోనూ ఇంత సున్నితంగా ఆలోచించినవి అరుదు. ఈ చూపే మిగతా వాటికీ కావాలి.

ఖమ్మంలో జరిగింది

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ భారత వైద్య పరిశోధన మండలితోనూ, రాష్ట్ర ప్రభుత్వంతోనూ కలిసి నడిపిన ప్రాజెక్టు ఇది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14,000 మందికి టీకా వేశారు. గుజరాత్‌లో వడోదర జిల్లాలో ఇదే ప్రాజెక్టు కింద మరో కంపెనీ టీకా దాదాపు 10,000 మందికి ఇచ్చారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయినట్టు వెల్లడయ్యాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కేంద్రం వేసిన విచారణ సంఘం ఆ మరణాలకు టీకా కారణం అయ్యే అవకాశం లేదనే అభిప్రాయపడింది. హెచ్‌పీవీ టీకా నేడు ప్రపంచమంతటా ఆడపిల్లల ప్రాణాలు కాపాడుతోంది. కాని అదే సంఘం ప్రాజెక్టు నడిచిన తీరులో లోపాలను ఎత్తిచూపింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో మరిన్ని వివరాలు బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలే. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. అమ్మానాన్నలు ఎక్కడో అడవిలో, పిల్లలు ఆశ్రమ పాఠశాలలో. వార్డెన్ అయ్యగారి సంతకంతో వేల మంది గిరిజన బాలికల శరీరం మీద నిర్ణయం జరిగిపోయింది.

గోప్యత దృష్టితో ఈ ఉదంతాన్ని చూస్తే గుండె బరువెక్కుతుంది. చనిపోయిన పిల్లల పేర్లు, ఊళ్లు పత్రికల్లో వచ్చాయి. వాళ్లు ఎలా చనిపోయారన్న దానిమీద ఊహాగానాలు నడిచాయి. పురుగుమందు తాగి చనిపోయిందన్న మాట ఒక ఇంటి మీద ఎంత బరువో వేరే చెప్పాలా? ఆ పసివాళ్ల ఆఖరి గడియలు జనం నోళ్లలో నలిగాయి. అదే సమయంలో సమ్మతి పత్రాల లెక్క, టీకా తర్వాత హాని జరిగితే కనిపెట్టే ఏర్పాటు ఉందా లేదా అన్న సంగతి తెలియడానికి మహిళా సంఘాల నిజనిర్ధారణ, విచారణ సంఘం, పార్లమెంటు సంఘం అన్నీ కావలసి వచ్చాయి. నాలుగేళ్లు పట్టింది. ప్రాజెక్టు రికార్డులు మొదటినుంచీ జనం ముందుంటే పిల్లల పేర్లు వీధికెక్కే అవసరమే ఉండేది కాదు. టీకా మీద అనవసరమైన భయమూ పుట్టేది కాదు. దాపరికం చివరికి మంచి టీకాకు కూడా చెరుపే చేసింది.

2011లో మరో ఉదంతం. అప్పటి గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌కు తీసుకెళ్లి మందుల పరీక్షలకు వాడారని గోల లేచింది. విచారణ జరిగి ఆ పరీక్షలు నడిపిన సంస్థ అనుమతిని నిలిపివేశారు. ‘పిడుగురాళ్ల మహిళలు’ అన్న పేరు మాత్రం ఆ ఊరికి అంటుకుపోయింది. ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారో గుర్తున్నవాళ్లు ఎందరు?

కోర్టు అడిగితే వచ్చిన లెక్క

దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 జూలైలో మొదలైంది. 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి అయింది. ఇది మంచి ముందడుగు. ఎవరైనా కంప్యూటరు ముందు కూర్చుని ఏ ఆసుపత్రిలో ఏ మందు పరీక్ష నడుస్తోందో, ఏ ఎథిక్స్ కమిటీ అనుమతించిందో చూడవచ్చు. కాని నమోదు కుదురుకున్నంతగా ఫలితాల ప్రకటన వేళ్లూనుకోలేదు. ట్రయల్ మొదలైనట్టు తెలుస్తుంది, ఏమైందో చాలాసార్లు తెలియదు.

మరణాల సంగతి ఇంకా దూరం. 2005 జనవరి నుంచి 2012 జూన్ దాకా 475 కొత్త మందుల ట్రయల్స్‌లో 2,644 మంది చనిపోయారని, వాటిలో 80 మరణాలు ట్రయల్ వల్లే జరిగాయని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పిన లెక్క. కోర్టు గుచ్చి అడిగితే ఇది బయటికొచ్చింది. మిగతా 2,564 మరణాలకు జబ్బు తీవ్రత వంటివే కారణమని ఎవరు, ఏ ఆధారంతో తేల్చారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒక్క రోగి పేరు కూడా అవసరం లేదు. వయసు, జబ్బు, మందు, మోతాదు, ఎన్నో రోజున మరణించారు, నిపుణుల సంఘం ఏమన్నది అన్న వివరాలు చాలు. ఏటేటా అవి ప్రకటిస్తే ఎవరి గోప్యతా చెడదు.

కోవిడ్ కాలంలో

2020 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల చిరునామాలు జనం ముందు పెట్టింది. చాలా రాష్ట్రాల్లో ఇళ్ల తలుపులకు పోస్టర్లు అంటించారు. సంబంధిత అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అలా అంటించరాదని సుప్రీంకోర్టు ఆ ఏడాది డిసెంబరులో చెప్పేసరికి జరగాల్సిన అవమానం జరిగిపోయింది. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల ఆరోగ్యం, ఉన్న చోటు కనిపెట్టే మొబైల్ యాప్ తెచ్చింది.

2021 ఏప్రిల్‌కు రెమ్‌డెసివిర్ కోసం వేట మొదలైంది. 2020 జూన్‌లో అత్యవసర వాడకానికి పరిమిత అనుమతి పొందిన మందు అది. మన హైదరాబాద్ కంపెనీ హెటెరో దాన్ని మొదట తయారుచేసిన వాటిలో ఒకటి. ఆసుపత్రిలో చేరినవారి మరణాలను అది పెద్దగా తగ్గించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన సాలిడారిటీ ట్రయల్ 2020 అక్టోబరులోనే చెప్పింది. అయినా సూరత్‌లో ఒక రాజకీయ పార్టీ కార్యాలయం ముందు ఆ ఇంజెక్షన్ కోసం జనం బారులు తీరారు. 5,000 ఇంజెక్షన్లు పార్టీ చేతికి ఎలా వచ్చాయన్న ప్రశ్న గుజరాత్ హైకోర్టు దాకా వెళ్లింది. దేశమంతా వాట్సాప్ గ్రూపుల్లో రోగి పేరు, వయసు, ఆసుపత్రి, మంచం నంబరు, ఆక్సిజన్ అంకె, కొడుకు ఫోన్ నంబరు తిరిగాయి. ప్రాణం మీదికొచ్చినవాళ్లను తప్పుపట్టడానికి నోరు రాదు. కాని గమనించండి: మందు కోసం రోగి తన సమస్తం బయటపెట్టుకున్నాడు. మందు ఎంత పనిచేస్తుందన్న సంగతి మాత్రం ఆ వరసలో నిలబడ్డవాడికి ఎవరూ చెప్పలేదు.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ కూడా ఆ రోజుల్లోనే ఉంది. కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కిస్తే ప్రయోజనం ఉంటుందా అని తేల్చడానికి భారత వైద్య పరిశోధన మండలి ‘ప్లాసిడ్’ ట్రయల్ నడిపింది. 39 ఆసుపత్రులు, 464 మంది రోగులు. జబ్బు ముదరకుండా ఆపడంలోగాని, మరణాలు తగ్గించడంలోగాని ప్లాస్మా పనికి రాలేదని ఫలితం తేలింది. దాన్ని 2020 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అందరూ చదివేలా ప్రచురించారు. 2021 మేలో చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించారు. ఆ 464 మందిలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. తెలుసుకోవాల్సినదంతా తెలిసింది. ప్రభుత్వ సంస్థే, మన దేశపు ఆసుపత్రుల్లోనే, మహమ్మారి నడుమే ఈ పని చేసి చూపించింది. చేయలేమన్న సాకు ఇక చెల్లదు.

పసివాడి ఫొటో, పదహారు కోట్లు

ఇంకో కొత్త పరిస్థితి. వెన్నెముక కండరాల క్షీణత అనే జన్యు జబ్బుకు జోల్జెన్‌స్మా అనే జన్యు చికిత్స 2019లో అమెరికాలో అనుమతి పొందింది. ఒక్క మోతాదు వెల సుమారు 16 కోట్ల రూపాయలు. 2021లో గుజరాత్‌లోనూ హైదరాబాద్‌లోనూ తల్లిదండ్రులు చందాలెత్తి బిడ్డలకు దాన్ని తెప్పించారు. అందుకోసం బిడ్డ ఫొటో, పేరు, జబ్బు, వైద్య నివేదికలు దేశమంతా చూసేలా పెట్టక తప్పలేదు. ఆ పిల్లలు రేపు బడికెళ్తారు, ఉద్యోగాలకు వెళ్తారు. వాళ్ల జన్యువుల సంగతి వాళ్లకు ఊహ తెలియకముందే శాశ్వతంగా ఇంటర్నెట్‌కెక్కింది. ఇందులో తల్లిదండ్రుల తప్పు ఏమీ లేదు. తప్పు వాళ్లను ఆ వీధికి నెట్టిన ఏర్పాటుది. ఆ మందు అందుకున్న పిల్లలందరూ ఎలా ఉన్నారో పేర్లు లేకుండా నమోదు చేసి ప్రకటిస్తే తర్వాతి తల్లిదండ్రులకు అదెంత ఆసరా!

మూలకణ చికిత్సల ప్రకటనలు ఇంతకన్నా ఘోరం. ఆటిజానికి మూలకణ చికిత్స సిఫారసు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ నైతిక బోర్డు 2022 డిసెంబరులో చెప్పింది. అయినా ‘ముందు, తర్వాత’ అంటూ పిల్లల వీడియోలు పెట్టి ఊరించే క్లినిక్కులు ఉన్నాయి. రోగి అనుమతి లేకుండా అతణ్ణి గుర్తుపట్టేలా ఫొటోలు, కేసు వివరాలు ప్రచురించకూడదని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెబుతోంది. మాటలు రాని పిల్లవాడి తరఫున ఆశతో కళ్లు మూసుకున్న తండ్రి పెట్టే సంతకాన్ని అనుమతి అనుకోవచ్చా?

గోప్యత ఎవరికి కవచం?

ఇక్కడొక బలమైన అభ్యంతరం ఉంది. పేర్లు బయటికి రాకపోతే న్యాయం జరుగుతుందా? చనిపోయిన మనిషికి పేరూ మొహమూ ఉన్నప్పుడే లోకం కదులుతుంది. 1999లో అమెరికాలో జన్యు చికిత్స ట్రయల్‌లో మరణించిన 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ పేరును అతని తండ్రే లోకం ముందుంచాడు. ఆ పేరు వల్లనే అక్కడి నిబంధనలు బిగిశాయి. ఈ వాదనలో నిజం ఉంది. అందుకే గోప్యత రోగి హక్కుగానే ఉండాలి, అతని నోరు కట్టేసే తాడు కాకూడదు. తన కథ చెప్పుకోవాలనుకున్న రోగికి ఆ స్వేచ్ఛ ఉండాలి. 2020 నవంబరులో చెన్నైలో కోవిషీల్డ్ ట్రయల్‌లో పాల్గొన్న ఒక వాలంటీరు తనకు హాని జరిగిందని 5 కోట్ల పరిహారం అడిగితే, టీకా తయారుచేసిన సీరం ఇన్‌స్టిట్యూట్ అతని ఆరోపణలు దురుద్దేశంతో చేసినవంటూ 100 కోట్లకు పైగా నష్టపరిహారం కోరతామని ప్రకటించింది. అతని ఫిర్యాదు నిజమో కాదో నిపుణులు తేల్చాలి. కాని ఫిర్యాదు చేసినవాడికి అంత పెద్ద అంకె చూపితే రేపు మరొకడు నోరు విప్పడానికి జంకుతాడు.

మన చట్టాల్లో రోగి గోప్యత ఎదిగిన తీరు ఆశ కలిగిస్తుంది. 1998లో ‘మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్’ కేసులో హెచ్‌ఐవీ ఉన్న ఒకతని సంగతి ఆసుపత్రి ద్వారా బయటపడి పెళ్లి ఆగిపోతే, సుప్రీంకోర్టు ఆసుపత్రి వైపే నిలిచింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. అదే ఏడాది వచ్చిన హెచ్‌ఐవీ చట్టం రోగి స్థితిని బయటపెట్టడాన్ని కట్టడి చేసింది, కోర్టు విచారణలో మారుపేరు వాడే వీలిచ్చింది.

ఆందోళన కలిగించేది మరో వైపు. సమాచార హక్కు చట్టంలో వ్యాపార రహస్యాలకు, వ్యక్తిగత సమాచారానికి మినహాయింపులున్నాయి. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారం కూడా ఇవ్వవచ్చన్న మాట 8(1)(జె) సెక్షన్‌లోనే ఉండేది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ మాటను అక్కడ తీసేసింది. 2025 నవంబరులో ఆ మార్పు అమలులోకి వచ్చింది. సమాచార హక్కు చట్టం 8(2) సెక్షన్ కింద ప్రజా ప్రయోజనం పేరుతో అడిగే దారి ఇంకా మిగిలే ఉంది. అయినా ట్రయల్ మరణాల గురించి అడిగితే ‘అది వ్యక్తిగత సమాచారం’ అని ఒక్క ముక్కలో తిప్పి పంపడం అధికారికి ఇప్పుడు మరింత తేలిక. రోగి కోసం పుట్టిన హక్కును రోగికి సమాధానం చెప్పాల్సినవాళ్లు అడ్డుపెట్టుకోవడం కన్నా అన్యాయం ఇంకేముంటుంది? అడిగినవారికి పేర్లు తొలగించి మిగతాది ఇవ్వాలని ఆ సమాచార హక్కు చట్టం పదో సెక్షన్ చెబుతూనే ఉంది. అధికారులు దాన్ని మనసుపెట్టి వాడాలి.

పేరు తీసేస్తే సరిపోతుందా?

సరిపోదు. 1990లలో అమెరికాలో లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు పేర్లు తీసేసిన ఆసుపత్రి సమాచారాన్ని ఓటర్ల జాబితాతో పోల్చి, మసాచుసెట్స్ గవర్నరు వైద్య రికార్డునే పట్టేసింది. పుట్టిన తేదీ, పిన్‌కోడ్, ఆడో మగో అన్న మూడు వివరాలే ఆమెకు ఆధారం. మన దగ్గర అంత శ్రమ కూడా అక్కర్లేదు. ‘42 ఏళ్ల నేత కార్మికుడు, ఫలానా మండలం, అరుదైన రక్త క్యాన్సర్’ అని రాస్తే సూరత్‌లోని ఆ కులసంఘం వాళ్లకు మనిషి ఎవరో తెలిసిపోతుంది. కులం, ఊరు, వృత్తి కలిస్తే మన సమాజంలో అదే చిరునామా.

1951లో హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికా మహిళ నుంచి సేకరించిన కణాల జన్యుక్రమాన్ని 2013లో కుటుంబాన్ని అడగకుండా ప్రచురించినప్పుడు ఆమె మనవలు తమ సంగతి కూడా అందులో ఉందని నిలదీశారు. చివరికి ఆ సమాచారం ఎవరికివ్వాలో నిర్ణయించే సంఘంలో కుటుంబానికి చోటు దక్కింది. జన్యు చికిత్సల కాలంలో ఒకరి రికార్డు అంటే వంశమంతటి రికార్డు. అలాగని అన్నీ మూసిపెట్టనక్కర్లేదు. ఐరోపా ఔషధ సంస్థ కంపెనీలు సమర్పించిన ట్రయల్ నివేదికలను రోగుల గుర్తులు చెరిపి ప్రచురించడం 2016లో మొదలుపెట్టింది. వేల పేజీల్లో ఏది చెరపాలో ఏది ఉంచాలో పద్ధతులు రాసుకుంది. అది కష్టమైన పనే గాని, జరగని పని కాదు.

ఇక జరగాల్సింది

మొదటిది, ట్రయల్ మరణాలు, తీవ్ర హానుల వివరాలు పేర్లు లేకుండా ఏటా ప్రకటించాలి. ఏ కోర్టూ అడగనక్కర్లేకుండా. రెండోది, రిజిస్ట్రీలో నమోదైన ప్రతి ట్రయల్‌కూ గడువులోగా ఫలితం పెట్టాలి. పెట్టని ఆసుపత్రికి మరో ట్రయల్ ఇవ్వకూడదు. మూడోది, సూరత్ వంటి వలస నగరాల్లో ట్రయల్ నడిపే ఆసుపత్రి రోగి భాష వచ్చిన, రోగి పనిచేసే చోటుతో సంబంధం లేని దుబాసీని తన ఖర్చుతో పెట్టాలి. తెలుగు సమ్మతి పత్రం తెలుగు బడిలో చదివిన అమ్మాయికి చూపించి, అర్థమైందో లేదో కనుక్కోవాలి. నాలుగోది, ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలని, సగం మంది బయటివాళ్లు కావాలని, సామాన్య వ్యక్తి ఉండాలని నిబంధన ఉంది. ఆ సామాన్య వ్యక్తి ఎప్పుడూ విశ్రాంత అధికారే ఎందుకు కావాలి? సాంచా నడిపిన మనిషి, క్షయ నుంచి కోలుకున్న మహిళ అక్కడ కూర్చుంటే అడిగే ప్రశ్నలే మారతాయి. ఐదోది, పత్రికలవాళ్లం మనం చేయాల్సింది. ట్రయల్‌లో ఎవరైనా చనిపోతే ఆ ఇంటి గుమ్మం ఫొటో తీయకముందే ట్రయల్ నంబరు, ఎథిక్స్ కమిటీ పేరు, నిధులిచ్చిన సంస్థ పేరు రాయాలి. కుటుంబం తన కథ చెప్పుకోవాలనుకుంటే వాళ్ల మాటల్లోనే రాయాలి.

కొత్త మందులు రావాలంటే ఎవరో ఒకరు మొదట తమ ఒంటి మీద వేసుకోవాలి. మన దేశంలో ఆ ఎవరో ఒకరు చాలాసార్లు పేదవాళ్లే. వాళ్లు ఇచ్చినదానికి బదులుగా మనం చెల్లించాల్సిన బాకీలో రెండు భాగాలున్నాయి: వాళ్ల పేరు కాపాడటం, వాళ్ల వల్ల తెలిసిన నిజాన్ని దాచకపోవడం. ప్లాసిడ్ ట్రయల్‌లో ఈ రెండూ తీరాయి, ఖమ్మంలో రెండూ తీరలేదు. తర్వాతి ట్రయల్ ఏ దారిన నడవాలో ప్రభుత్వమూ ఆసుపత్రులూ కంపెనీలూ ఇప్పుడే తేల్చుకోవాలి. సంతకం పెట్టబోయే మనిషికి ఆ సంగతి ముందే తెలియాలి.